వరుస రాయాల్సిన గడి

అనంతగిరి,
2025 ఏప్రిల్ 6

యమునకు వదిన రాసేది.

నీ ఉత్తరం అందింది. పోస్టుమ్యాన్ రాజు ఎప్పటిలెక్కనే ముత్తమ్మ చాయ్ హోటల్ల ఇచ్చిపోయిండు. ముత్తమ్మ దాన్ని చక్కెర డబ్బా కింద దాసిపెట్టి, నేను పోంగనే చేతిల పెట్టింది. ఏం రాసినవని అడగదు గాని, నేను సదువుతుంటే నా మొఖం చూసుకుంట కూసుంటది. ఇంట్ల ఉన్న ఒక్క ఫోను మీ అన్నది. అది నాదైనా ఏం లాభం, నా చెవులకు ఫోన్ల మాట అందదు. ఆరేండ్ల సంది మనకు కాగితమే దిక్కు.

నీకు జలుబు చేసిందని రాసినవు. తులసాకు దొరకదా ఆ గాల్వేల. వాన పడితే తలకు గుడ్డ కట్టుకో. ఆఫీసులు చేసేటోళ్ళకు తల తడవదని ఏం లేదు.

ఇగ అసలు సంగతి. మొన్న యాసంగి నాట్లకు మా ముఠా వేములపల్లి దిక్కు పోయింది. ముప్పై ఇద్దరం ఆడోళ్ళం. కాలువ కట్ట మీద ఇరవై రోజులు డేరాలు వేసుకొని ఉన్నం. పాలు తాగే పిల్లలు ఆరుగురు. తుమ్మచెట్టుకు చీరె ఉయ్యాల కట్టి, ఏడేండ్ల పిల్లను కావలి పెట్టి మడిల దిగుడే. నువ్వు గూడ అట్లనే కావలి ఉన్నవు గదా, యాదికుందా. శిరీష బిడ్డ ఉయ్యాలలకెళ్ళి దిగి పాకుకుంట పోయింది. కాలువ అంచున దొరికింది. ఇంకొక జానెడు పోతే నీళ్ళల్ల పడుతుండె. శిరీష ఆ దినం మడిల దిగలే. తెల్లారి దిగింది. దిగక ఏం చేస్తది.

నువ్వేమో ఏదో దేశంల గొర్రెల కాపరులకు మీ సంస్థ డేరా ఇచ్చిందని, వాళ్ళు యాడికి పోతే పిల్లల బడి ఆడికి పోతదని రాసినవు. ఆ ముక్క సదివినకాడి సంది నా మనసు నిలవడుతలేదు. మాకు గూడ ముఠా ఎంబడి తిరిగే డేరా ఒకటి, ఆరు తొట్టెలలు, మంచినీళ్ళ డ్రమ్ము, చూసుకునేటందుకు ఇద్దరు ముసలమ్మలు. గంతే. మాసొంటోళ్ళకు ఇస్తరా. మన దేశం కాగితాలు ఎవరి టేబుల్ మీదికి వస్తయి. చూసిపోయేటందుకు ఎవరు వస్తరు.

నువ్వే వస్తవా?

జవాబు తొందరగ రాయి.

నీ వదిన
సావిత్రి

*

గాల్వే, ఐర్లండ్
2025 ఏప్రిల్ 27

వదినా,

మన తండా భాషకు అక్షరాలు లేవు కనుక తెలుగులో రాసుకుంటున్నాం. ప్రతిసారీ 'వదినా' అని మొదలుపెట్టగానే ఒక క్షణం ఆగిపోతాను. ఇంట్లో నిన్ను పిలిచే పిలుపు ఇది కాదు. ఆ పిలుపు విని పలికేవాళ్ళు ఈ ఊళ్ళో ఒక్కరూ లేరు. మొన్న బట్టలు మడతపెడుతూ ఊరికే పైకే పిలిచాను. పక్క గదిలో అమ్మాయి నన్నేనా అని అడిగింది.

నీ ప్రశ్నలకు జవాబులు. మీలాంటివాళ్ళకే ఇస్తారు. మా సంస్థ చిన్నది. పెద్ద పెద్ద పథకాల జోలికి పోదు. బయటి దేశాల్లో, ఊళ్ళలో జనం తమంతట తాము చేసుకునే చిన్న పనులకు కొద్దికొద్దిగా సాయం చేస్తుంది. అయితే విదేశీ డబ్బు నేరుగా మీ ముఠాకు రాదు. దానికి ప్రభుత్వ అనుమతి ఉన్న సంస్థ ఏదైనా మీ పనిని తన పనిగా నెత్తిన వేసుకోవాలి. మిర్యాలగూడలో దానియేలు గారు పనిచేసే సంస్థకు ఆ అనుమతి ఉందని విన్నాను. ఆయన్ని కలువు.

భారతదేశం నుంచి వచ్చే కాగితాలు ముందు నా టేబుల్ మీదికే వస్తాయి. ఎవరు చూస్తే వాళ్ళే వెళ్ళి, పని జరిగే చోట రెండు రోజులు ఉండాలి. వాళ్ళు పడుకునే చోటే పడుకోవాలి, తినేదే తినాలి. పోయిన ఏడు నేపాల్‌లో ఒక గుడిసెలో పడుకున్నాను. ఆ ఇంటి ముసలమ్మ మొక్కజొన్న రొట్టె కాలుస్తుంటే పొగ కళ్ళలో పడిందని చెప్పి ఏడ్చాను.

కానీ వదినా, నేనున్నానని ఏ పనీ జరగదు. ఆశ పెట్టుకోకు.

అన్న ఎప్పుడైనా నా పేరు ఎత్తుతాడా? అబద్ధం చెప్పకు. తిరుమలగిరి బాలాజీతో నాకు మాట ఖాయం చేసి, తండా పెద్ద నాయక్ ముందు తమలపాకులు అందుకున్నాక, పెళ్ళి పదిహేను రోజులుందనగా నేను చదువు కోసం వెళ్ళిపోయాను. అన్న పంచాయితీలో తలవంచుకొని నిలబడ్డాడని నువ్వే రాశావు. "నాకు చెల్లె లేదు. ఇగ ఖతం" అని అందరి ముందూ అన్నాడని కూడా నువ్వే రాశావు. అన్న మాట అంటే వెనక్కి తీసుకోడు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు అమ్మ పోతే, నన్ను బడి మాన్పించనని అన్నాడు. ఆ మాటా వెనక్కి తీసుకోలేదు. నా చదువు ఇంత దూరం రావడానికి ఆ మాటే కారణం. ఆయన మీద కోపం తెచ్చుకుందామన్నా రాదు.

నీ యమున

*

మిర్యాలగూడ బస్టాండు నుంచి
2025 జూన్ 15

యమునా,

హుజూర్‌నగర్ మీదికెళ్ళి పోయే కోదాడ బస్సు ఇంకా రాలే. కూసొని రాస్తున్న. దరఖాస్తు పోయింది. దానియేలు సారు మంచి మనిషి. ఇరవై రెండు ప్రశ్నలు, ఒక్కొక్కటి నా చెవుల మూతిపెట్టి అరిసిండు. ఆఫీసు మొత్తం విన్నది. "మీ సమస్యకు మూలకారణం ఏంది?" అని అడిగిండు. కడుపు అన్న. "అట్ల రాయొద్దమ్మా" అన్నడు. మరి నేను పది సదివిన, సార్ డిగ్రీ సదివిండు. ఆయన ఏం రాసిండో ఆయనకే తెలుసు. కింద దస్కత్తు మాత్రం నేనే చేసిన.

మీ అన్న నీ పేరు ఎత్తడు. అబద్ధం చెప్పొద్దన్నవు గదా, చెప్పను. కానీ ఎవరన్న నీ పేరు ఎత్తితే లేసిపోడు. మొదలు లేసిపోయేటోడు. ఇప్పుడు కూసుంటడు. చెప్పులు తుడుసుకుంటడు, ట్రాక్టర్ తాళంచెవి తిప్పుతడు, కానీ కూసుంటడు.

ఆ బాలాజీకి పెండ్లయి ఇద్దరు పిల్లలు. మూడు బోర్లు వేస్తే మూడూ ఎండినయి. పొట్ట మాత్రం మంచిగ పెరిగింది. నువ్వు పోయినందుకు వాడేం బాధపడుతలేడు. బాధపడేటోళ్ళు వేరే.

నా మనసుల మాట నీకు చెప్త. ఆఫీసరు తండాకు వచ్చుడంటే మోతీలాల్ నాయక్ ఎదురువోవాలె. డప్పులు కొట్టాలె. వచ్చిన మనిషిని తండల ఇంటింటికి తీస్కపోవాలె. అట్ల నాయక్ తీస్కొచ్చిన మనిషిని మీ అన్న గడపల నిలవెట్టి పొమ్మంటడా. అనలేడు. ఆఫీసరు ఆఫీసరే. ఆయన అన్న మాట ఆయన దగ్గర్నే ఉంటది, నువ్వు ఇంట్లకొస్తవు. ఎవ్వరి తల వంగదు. పిల్లలకు డేరా రావాలె, నిజమే. కానీ నేను రెండు బస్సులు మారి మూడుసార్లు ఈడికి వచ్చింది డేరా ఒక్కదాని కోసమే కాదు.

బస్సు వచ్చింది.

సావిత్రి

*

గాల్వే
2025 ఆగస్టు 20

వదినకు,

ఈ మాట రాయవచ్చో లేదో కూడా తెలియడం లేదు.

మీ దరఖాస్తు సోమవారం నా చేతికి వచ్చింది. పని గురించి బాగా రాశారు. శిరీష పాప సంగతి చదివి మా వాళ్ళంతా కదిలిపోయారు. పద్నాలుగో ప్రశ్న దగ్గర మాత్రం నేను ఆగిపోయాను. "మా సంస్థలో పనిచేసేవాళ్ళు ఎవరైనా మీకు బంధువులా? అయితే పేరు, వరుస రాయండి." ఆ గడిలో "ఎవ్వరూ లేరు" అని ఉంది. అది దానియేలు గారి రాత కాదు, నీ రాత. 'వ్వ' కింద ఒత్తు నువ్వు ఎట్లా తిప్పుతావో నాకు తెలియదా? పలక మీద నాకు దిద్దించింది నువ్వే కదా.

అన్న పక్కన కూర్చొని రాయించాడా? లేక ఆరేళ్ళు ఆయన మాట వినీ వినీ నీకూ నిజమనిపించిందా? అన్న అన్నప్పుడు ఇంత నొప్పి పుట్టలేదు. ఆయన కోపంలో అన్నాడు. నువ్వు నెమ్మదిగా, పెన్నుతో, గడి దాటకుండా రాశావు.

నేను లేచి వెళ్ళి మా పెద్దావిడతో చెప్పాను. ఇది తప్పు, ఈ సావిత్రి నా వదిన, నన్ను పెంచిన మనిషి అని చెప్పాను. కాగితం మీద రాసి సంతకం పెట్టమన్నారు. పెట్టాను. నేను లేనని నువ్వు రాశావు, ఉన్నానని నేను రాసి ఇచ్చాను.

ఇంక రాయలేను.

యమున

*

అనంతగిరి
2025 ఆగస్టు 24

యమునా,

నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు, అయినా రాస్తున్న. ఆగలేక.

దానియేలు సారు కబురు పంపితే పోయిన. మన కాగితాలు అందినయని మీ ఆఫీసుకెళ్ళి మెయిల్ వచ్చిందట. కింద నీ పేరే ఉన్నదట. సారు ఆ పేరు సదివితే నేను రెండోసారి సదవమన్న. చెవులు వినవడక అనుకున్నడు పాపం.

నాట్ల పని ఒడిసింది. మళ్ళ యాసంగికి, సంక్రాంతికి ముందట, వేములపల్లిల దిగుతం. అప్పుడు వస్తవు గదా. నీకు పండుకునేటందుకు నా డేరలనే జాగ తీస్త. తండకు వచ్చినప్పుడు తొడుక్కునేటందుకు అద్దాల జాకెట్ ఒకటి కుట్టవట్టిన. నీ కొలత తెల్వదు. పోయినప్పటి కొలతకు రెండు వేళ్ళు ఎక్కువ పెట్టిన. సన్నగయినవా, లావైనవా రాయి. తెల్లదారం దొరకక కోదాడ దాక పోయొచ్చిన.

నిన్న మీ అన్న ఆ జాకెట్ చూసిండు. ఎవరికని అడగలే. "చేతులు పొట్టిగున్నయి" అన్నడు. అని పోయిండు.

నీ వదిన

*

అనంతగిరి
2025 సెప్టెంబరు 14

యమునా,

నీ ఉత్తరం సదివిన. ముత్తమ్మ నా మొఖం చూసి, చాయ్ పక్కకు పెట్టి తలుపు ముందటికి గుంజింది.

నన్ను గింతేనా తెలుసుకున్నది నువ్వు. ఇరవై అయిదేండ్లు. నీ తలల పేన్లు తీసిన, నీకు మెదడువాపు జ్వరమొస్తే సూర్యాపేట దవాఖానల పదకొండు దినాలు నేల మీద పండుకున్న. నా పెండ్లయిన రెండో ఏడే నువ్వు నా ఒళ్ళె పడ్డవు. పిల్లలు లేరని జనం అంటే, లేకేంది ఉన్నది అని నిన్ను చూపెట్టిన. అసొంటి నేను నువ్వు లేవని నమ్మి రాస్తనా?

విను. దానియేలు సారు ఆ ప్రశ్న సదివి, "బంధువులుంటే చెప్పమ్మా, కానీ ఉంటే ఆ మనిషిని చూసిపోయేటందుకు పంపరు, వేరేటోళ్ళను పంపుతరు. గది వాళ్ళ కాయిదా" అన్నడు. నేను అడిగిన, అట్లయితే ఎవ్వరూ లేకపోతే? "ఎవరి టేబుల్ మీదికి వస్తే వాళ్ళే వస్తరు" అన్నడు. అప్పుడు పెన్ను సారు చేతులకెళ్ళి నేను తీసుకున్న. ఆయనతోని అబద్ధం రాయించొద్దని, ఆ పాపమేదో నాకే తగలనీ అని, నేనే రాసిన.

నువ్వు రావాలెనని లేవని రాసిన. అర్థమైందా ఇప్పుడు?

నువ్వేమో పోయి ఉన్నవని రాసిచ్చినవు. ఇగ నువ్వు రావు. జాకెట్ పెట్టెల పెట్టిన. నాకు నీ మీద కోపమొస్తున్నది, ఎన్నడూ రాలేదు గింత. శిరీషకు ఏం చెప్పాలె నేను. అబద్ధం రాసినందుకు డేరా గూడ పోయిందని చెప్పాల్నా?

సావిత్రి

*

గాల్వే
2025 అక్టోబరు 5

వదినా,

ఆగస్టులో నువ్వు రాసిన జాకెట్ ఉత్తరం, తర్వాత రాసిన కోపం ఉత్తరం రెండూ ఒకే వారం వచ్చాయి. ఏది ముందు చదవాలో తెలియక తేదీ చూసి చదివాను. చదివాక రెండు రోజులు ఆఫీసుకు పోలేదు.

నీ కాళ్ళు పట్టుకోవడానికి కూడా వీల్లేనంత దూరంలో ఉన్నాను. నన్ను తిట్టు. ఎంతైనా తిట్టు. నీ రాత గుర్తుపట్టాను గానీ నీ మనసు గుర్తుపట్టలేదు. నేనెక్కడ లేకుండా పోతానోనన్న భయం ఆరేళ్ళుగా ఉంది, ఆ గడిలో అదే కనపడింది.

ముందు డేరా సంగతి చెప్తాను. దరఖాస్తు పోలేదు, పక్కన పెట్టారంతే. నా నుంచి తీసుకొని ఓర్లా అనే ఆవిడకు ఇచ్చారు. నా పక్క కుర్చీలో కూర్చుంటుంది. నిదానస్తురాలు, ఎవరి మాటా మధ్యలో తుంచదు. ఆమె జనవరిలో వేములపల్లి వస్తుంది. పద్నాలుగో ప్రశ్న మళ్ళీ అడుగుతుంది. ఈసారి మీ ముఠా అందరి ముందు నిజం చెప్పి, పేరూ వరుసా రాయాలి. అట్లా సరిదిద్దుకుంటేనే ముందుకు పోతుంది. ఇంతవరకే నాకు చెప్పారు. ఇకమీదట ఆ ఫైలు నేను తెరవకూడదు, దాని గురించి ఓర్లాను అడగకూడదు, ఆమె నాకు చెప్పకూడదు. మీ సంగతి మీరు రాస్తేనే నాకు తెలియాలి.

సెలవు పెట్టి సొంతంగా రావచ్చు కదా అంటావేమో. రావచ్చు. విమానం దిగి, కోదాడలో బస్సు దిగి, తండా దాకా నడిచి రాగలను. గడప దగ్గర అన్న ముఖం తిప్పుకుంటే అక్కడి నుంచి నేను ఎటు పోవాలి వదినా? ఆ ఒక్కటి ఆలోచించే ఆరేళ్ళు ఆగాను. నువ్వు చూపించిన దారిలో వచ్చి ఉంటే ఆయన ముఖం తిప్పుకునేవాడు కాదు. ఆ దారి నేనే మూసేసుకున్నాను.

ఓర్లాకు కారం తక్కువ వెయ్యి.

నీ యమున

*

వేములపల్లి కాలువ కట్ట
2026 జనవరి 11

యమునా,

మీ ఓర్లా వచ్చిపోయింది. కారం తక్కువనే వేసిన, అయినా పచ్చిపులుసు తాగి ఆమె ముక్కు ఎర్రగయింది. రెండు దినాలు మా డేరలనే పండుకున్నది. నువ్వు పండుకోవాల్సిన జాగల.

నిజం చెప్పాల్నంటే, నీ బదులు వస్తున్నదని ఆమె మీద నాకు ముందుగాలనే కోపం. నమస్తే పెట్టి ఊకుందామనుకున్న. దానియేలు సారు కారు దిగిండు, ఎంబడి ఆమె దిగింది. పొడుగు మనిషి, మొఖమంత ఎండకు కందిపోయింది. నన్ను చూసి, "సావిత్రి?" అన్నది. నువ్వు నా పేరు ఆమెకు ఎన్నిసార్లు చెప్పినవో గాని సక్కగ పలికింది. ఈమె రోజూ నిన్ను చూస్తది గదా, నీ మాట వింటది గదా అనిపించింది. నా చేతులు నా మాట వినలే. పోయి ఆమె మెడ పట్టుకున్న.

మన ఆడోళ్ళు చానా రోజులకు కలిస్తే ఎట్ల ఏడుస్తరో అట్ల ఏడ్సిన, మన భాషల రాగం తీసుకుంట. నువ్వు పోయినకాడి సంది జరిగినయన్నీ ఆమె మెడ మీద చెప్పుకున్న. చిన్నవ్వ పోయింది, మన తెల్లావు పోయింది, నా చెవులు పోయినయి, నీ పలక అటక మీద ఉన్నది. ఆమె కదలలే. నా ఈపు మీద చెయ్యి వేసి నిలవడ్డది. దానియేలు సారు పరేషాన్ అయి, "ఏమైందమ్మా, ఎవరన్న పోయిన్రా?" అని ఒకటే అడుగుడు. శిరీష చెప్పింది, "ఏం కాలే సార్. చానా రోజులకు కలిస్తే మా తండల గిట్లనే ఏడుస్తరు. ఏడ్సుకుంటనే సంగతులు చెప్పుకుంటరు." సార్ అన్నడు, "ఈమెను ఇంతకుముందు ఎన్నడు చూసిందమ్మా?" శిరీష నవ్విందట, ఈ మాటలన్ని తర్వాత ఆమెనే నా చెవుల చెప్పింది. నేను కండ్లు తుడుసుకున్న.

రెండో దినం పొద్దున అందరిని కట్ట మీద కూసోవెట్టిండు సారు. మోతీలాల్ నాయక్ గూడ తండకెళ్ళి వచ్చిండు. మీ అన్న నారుకట్టలు దించి ట్రాక్టర్ కాడ నిలవడ్డడు, ఎప్పటిలెక్కనే దూరంగ. ఓర్లా అడిగింది, సారు తెలుగుల చెప్పిండు. మా ఆఫీసుల మీ బంధువులు ఉన్నరా అని. నేను లేసి అందరి ముందట చెప్పిన. ఉన్నది, లేదని నేనే అబద్ధం రాసిన, తప్పు నాదే, డేరా కోసం కాదు ఆ పిల్ల కోసం రాసిన అన్న. సారు కాగితం నా ముందట పెట్టిండు. పేరు గడిల యమున అని రాసిన. వరుస గడిల ఆడబిడ్డ అని రాయవోతుంటే కాగితం మీద ఒక చెయ్యి పడ్డది. బురద చెయ్యి. నాకు అడుగుల చప్పుడు వినవడలే, తలెత్తి చూస్తే మీ అన్న.

"ఏం రాస్తున్నవ్?" అన్నడు. పెదాలు చూసి తెలుసుకున్న. ఆడబిడ్డ అని రాస్తున్న అన్న.

"నాకు చెల్లె లేనిది నీకు ఆడబిడ్డ యాడికెళ్ళి వచ్చింది?"

యమునా, ఇగ అయిపోయింది అనుకున్న. నాయక్ మొఖం కిందికి వేసుకున్నడు. దానియేలు సారు ఆమెకు ఇంగ్లీషుల ఏం చెప్పాల్నో తెల్వక నోరు తెరిసి నిలవడ్డడు. నేను చెయ్యి తియ్యలే. పెన్ను గట్టిగ పట్టుకున్న. ఆయన నా పక్కన కూసున్నడు. చెయ్యి అంగీకి తుడుసుకున్నడు. నా వేళ్ళు ఒక్కొక్కటి తీసి పెన్ను తీసుకున్నడు.

"నువ్వు రాస్తే వరుస నిలవదు. నీకు ఆమె నా మీదికెళ్ళి గదా అయితది. నేను రాయాలె" అన్నడు.

నాలుగో తరగతి సదువు. ట్రాక్టర్ కాగితాల మీద దస్కత్తు తప్ప ఆయన పెన్ను పట్టంగ నేను చూడలే. గడి సరిపోలే ఆయనకు, పక్క గడిలకు పోయింది. 'చెల్లె' అని రాసిండు. రాసి, కింద తన పేరు రాసిండు. రాసి నాయక్ దిక్కు చూసి, "ఆ దినం నీ ముందట అన్న. ఈ దినం నీ ముందటనే రాసిన. సూసినవు గదా" అన్నడు. నాయక్ తలూపిండు. మీ అన్న లేసిపోయి ట్రాక్టర్ స్టార్ట్ చేసిండు. ఖాళీ ట్రాక్టర్, యాడికి తీస్కపోయిండో, పొద్దుగూకే ముందట వచ్చిండు. కండ్లు ఎర్రగున్నయి. దుమ్ము అన్నడు.

డేరా సంగతి మార్చిల చెప్తరట. నాకు ఇప్పుడు దాని మీద బెంగ లేదు. ఇస్తే మంచిది, ఇయ్యకుంటే మళ్ళ రాస్త, ఇగ అన్ని గడులల్ల నిజమే రాస్త.

ఎప్పుడొస్తవు?

నీ వదిన
సావిత్రి

*

గాల్వే
2026 ఫిబ్రవరి 1

వదినా,

ఓర్లా పన్నెండో తేదీన ఆఫీసుకు వచ్చింది. ముక్కు మీద తోలు ఊడిపోయి ఉంది. ఎట్లా జరిగిందని నేను అడగకూడదు, ఆమె చెప్పకూడదు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. తర్వాత ఆమె సంచి కింద పెట్టి, నా కుర్చీ దగ్గరికి వచ్చి, వంగి నా మెడ పట్టుకుంది. ఈ ఊళ్ళో ఎవరూ అట్లా పట్టుకోరు. భుజం తట్టి వదిలేస్తారు. ఆమె వదలలేదు. నా చెవి దగ్గర ఏదో రాగం తీయబోయింది, రాలేదు. నాకు ఏమీ అర్థం కాలేదు. ఎవరికో ఏదో అయిందనుకొని భయపడ్డాను. నీ ఉత్తరం వచ్చేదాకా మూడు వారాలు ఆ భయంతోనే ఉన్నాను.

నీ ఉత్తరం మెట్ల మీదే చింపి చదివాను. వాన పడుతోంది. తలకు గుడ్డ కట్టుకోలేదు, తిట్టకు.

అన్న పెన్ను పట్టుకున్న దగ్గర ఆగి, మళ్ళీ మొదటి నుంచి చదివాను. నాలుగుసార్లు అట్లాగే చేశాను, అక్కడికి రాగానే ముందుకు పోవడానికి భయం వేసింది. బురద చేత్తో రాశాడా, తుడుచుకున్నాకనా? 'ల్ల' ఒత్తు పెట్టాడా? ఇవన్నీ అడగాలని ఉంది. గడి సరిపోలేదన్నావు కదా, ఎంత పెద్దగా రాశాడు?

సెలవు అడిగాను, ఇచ్చారు. మార్చి పద్నాలుగున కోదాడలో దిగుతాను. ఆఫీసరుగా కాదు. డప్పులు వద్దని నాయక్‌కు చెప్పు. జాకెట్ చేతులు పొట్టిగా ఉన్నా పర్వాలేదు, వేసుకుంటాను. ఇంట్లో ఎన్ని రోజులుంటానో ఇప్పుడే అడగకు, చెప్పలేను, ఏడుపొస్తుంది.

అన్నతో ఒక్క మాట చెప్పు. ఆయన రాసిన ఆ కాగితం ఓర్లా సంచిలో ఈ దేశం వచ్చేసింది. నా కుర్చీకి పది అడుగుల దూరంలో బీరువాలో ఉంది. తాళం నాకు తెలిసిన చోటే ఉంటుంది. కానీ నేను మీ బంధువును. అది తెరిచే హక్కు నాకు లేదు, ఎప్పటికీ రాదు. అన్న రాత నేను చూడలేను.

అందుకని వస్తున్నాను. రాసిన మాట ఒక్కసారి నోటితో అనమను.

యమున